వైరస్ ఒకటి, జబ్బు ఇంకొకటి: నెట్ సెంటర్ సిస్టం మరమ్మతు డైరీ

సిస్టం వివరాలు ముందు. మండల కేంద్రంలో జిరాక్స్, నెట్ సెంటర్ నడిపే షాపులోది. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటే స్టిక్కు, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున్నుంచి రాత్రి దాకా దీనిమీదే ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, వేలిముద్ర మిషన్‌తో ఆధార్ పనులు, మధ్యలో పెళ్లి కార్డుల డీటీపీ.

ఫిర్యాదు: ఏడెనిమిది ట్యాబులు తెరిచాక క్రోమ్ తెల్లబడుతుంది. 'పేజ్ అన్‌రెస్పాన్సివ్' అని వస్తుంది. అర నిమిషం నుంచి నిమిషంన్నర దాకా అలాగే ఉండి మళ్లీ కదులుతుంది. మౌస్ బాణం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇది కాక కింద కుడి మూలలో 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని ఇంగ్లీషులో డబ్బాలు లేస్తాయి. ఏదైనా వెతికితే ముక్కూ మొహం తెలియని పేజీ మీదుగా వేరే సెర్చ్ ఇంజిన్‌కి పోతుంది.

అప్పటికే చేసినవి: క్యాషే క్లియర్ చేయడం, క్రోమ్ తీసేసి మళ్లీ ఎక్కించడం మూడుసార్లు. రెండోది ఎందుకు పనిచేయదో ఇక్కడే రాసిపెట్టడం మంచిది. క్రోమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు' అన్న గడిలో టిక్కు పెట్టకపోతే యూజర్ డేటా ఫోల్డర్ మొత్తం అలాగే మిగులుతుంది. టిక్కు పెట్టినా, గూగుల్ ఖాతాతో లాగిన్ కాగానే సింక్ పాత ఎక్స్‌టెన్షన్లను తిరిగి దించుతుంది. అవి కూడా లేకపోయినా, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) క్రోమ్‌ని శాసించే పాలసీ కూర్చుని ఉంటే దానికి క్రోమ్ ఇన్‌స్టాలేషన్‌తో సంబంధమే లేదు. ఇల్లు కడిగి దొంగ చేతిలో తాళం ఉంచినట్టే.

మొదటి రోజు: ఏదీ తీయకుండా కొలవడం

ఫిర్యాదులో రెండు లక్షణాలు కలిసిపోయి ఉన్నాయి. పాప్‌అప్‌లు, సెర్చ్ దారి మళ్లడం ఒకటి. బిగుసుకుపోవడం ఒకటి. రెండూ ఒకే చోట కనిపిస్తున్నాయి గనుక ఒకే కారణం అనుకోవడం సహజం. అనుకున్నది నిజమో కాదో తేలేదాకా క్లీనింగ్ జోలికి పోకూడదని నిర్ణయం. ముందే స్కానర్లు వేసి నాలుగు ఫైళ్లు తీసేస్తే ఏది దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

క్రోమ్ బిగుసుకున్న క్షణంలో విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచితే కనిపించినవి: సీపీయూ 20 శాతం దగ్గర. మెమరీ 93 శాతం. డిస్క్ 100 శాతం. ఇంతవరకు చాలామంది చూస్తారు. అసలు చూడాల్సింది పెర్ఫార్మెన్స్ ట్యాబులో డిస్క్ మీద నొక్కితే వచ్చే 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్'. మామూలు హార్డ్ డిస్క్‌కి ఇది 10, 20 మిల్లీసెకన్లు ఉంటుంది. పని ఒత్తిడిలో వంద దాటొచ్చు. ఇక్కడ 1,800 నుంచి 4,000 మిల్లీసెకన్ల మధ్య ఆడుతోంది. అదే సమయంలో చదువుతున్న వేగం సెకనుకి 1 ఎంబీ కూడా లేదు. 100 శాతం బిజీ, చేస్తున్న పని శూన్యం: డిస్క్ ఎక్కడో ఒకేచోట గింజుకుంటోందన్న మాట.

రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబు చూస్తే పైన పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు), దాని కింద క్రోమ్ ప్రొఫైల్‌లోని ఫైళ్లు. మెమరీ ట్యాబులో హార్డ్ ఫాల్ట్స్ సెకనుకి వందల్లో ఉన్నాయి. అంటే 4 జీబీ చాలక విండోస్ ర్యామ్‌లోని సరుకుని డిస్క్ మీదికి దించుతూ ఎక్కిస్తూ ఉంది. ట్యాబు మార్చినప్పుడల్లా ఆ సరుకు డిస్క్ నుంచి రావాలి.

తర్వాత క్రోమ్‌లోనే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్. విండోస్ దాంట్లో పేరంతా క్రోమ్ అనే ఉంటుంది. ఇక్కడ ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటుందో విడివిడిగా కనిపిస్తుంది. ట్యాబులు ఒక్కోటి 150 నుంచి 400 ఎంబీ. ఈ రోజుల్లో అది మామూలే. 2018లో క్రోమ్ 67 నుంచి ఒక్కో సైటుని ఒక్కో ప్రాసెస్‌లో విడిగా ఉంచుతున్నారు. భద్రత పెరిగింది, ర్యామ్ ఖర్చూ పెరిగింది. మామూలు కానిది ఒకటి కనిపించింది: ట్యాబులన్నీ మూసినా 310 ఎంబీ పట్టుకుని, సీపీయూని గీకుతూ కూర్చున్న ఒక ఎక్స్‌టెన్షన్. పేరులో పీడీఎఫ్ అని ఉంది.

ఇక్కడ ఆగిపోయి 'దొరికింది' అనుకోవచ్చు. మూడు పరీక్షలు చేశాం. గెస్ట్ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. అందులో అవే ట్యాబులు తెరిస్తే బిగుసుకోవడం తగ్గింది గానీ పోలేదు, తొమ్మిదో ట్యాబు దగ్గర మళ్లీ వచ్చింది. ఎడ్జ్‌లో అవే పేజీలు: అదే కథ. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పేజీ గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆపి చూస్తే తేడా లేదు, మళ్లీ ఆన్ చేసేశాం. గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవైతే స్క్రీన్ నల్లబడటం, వీడియో పేజీల్లోనే ఆగడం లాంటివి కనిపిస్తాయి. ఇక్కడ అవేం లేవు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ దోషే, కానీ ఈ నేరంలో కాదు.

సాయంత్రం ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా. అప్లికేషన్ లాగ్‌లో ఈవెంట్ 1002, అంటే అప్లికేషన్ హ్యాంగ్, క్రోమ్ పేరు మీద వరసగా ఉన్నాయి. వాటి సమయాలు కాగితం మీద రాసుకుని సిస్టం లాగ్‌లో అదే సమయానికి ఏముందో చూడాలి. 11:42కి క్రోమ్ హ్యాంగ్. 11:41కి 'డిస్క్' అనే సోర్స్ నుంచి ఈవెంట్ 153, అంటే డిస్క్‌ని అడిగిన పని ఒకసారికి కాక మళ్లీ అడగాల్సి వచ్చింది. అలాంటివి వారంలో 17. వాటి మధ్య ఈవెంట్ 7 నాలుగు: బ్యాడ్ బ్లాక్.

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెడితే పసుపు రంగు, 'కాషన్'. సీ5 వరసలో, అంటే కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్‌లో, 18 అని ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ రా (అసలు) విలువల్ని మామూలుగా హెక్సాలో, అంటే పదహారేసి లెక్కన చూపిస్తుంది; 18 అంటే ఒక పదహారు, ఒక ఎనిమిది: 24. ఇది తెలియక పక్కనోళ్ల డిస్క్‌తో పోల్చుకుని మోసపోయేవాళ్లు చాలామంది. 05 వరస, అంటే అప్పటికే మార్చేసిన సెక్టార్లు, సున్నా. పవర్ ఆన్ అవర్స్ 31,400. రోజుకి పది గంటలు తిరిగిన షాపు డిస్క్‌కి పదేళ్ల లెక్క సరిపోయింది.

పెండింగ్ సెక్టార్ అంటే డిస్క్ చదవబోయి చదవలేక, 'తర్వాత ఎవరైనా దీనిమీద రాస్తే అప్పుడు తేలుస్తా' అని పక్కన పెట్టిన చోటు. అక్కడున్న డేటా అడిగినప్పుడల్లా డిస్క్ పదేపదే ప్రయత్నిస్తుంది. ఆ కొన్ని సెకన్లూ మిగతా అందరి పనీ క్యూలో నిలబడుతుంది. మౌస్ తిరగడం, కిటికీ తెల్లబడడం అందుకే.

బయోస్ గడియారం 2015కి వెనక్కి పోతోందని కూడా ఈరోజే కనబడింది. సీఆర్2032 బ్యాటరీ మార్చాం. తేదీ తప్పుంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, 'కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తుంది. దాన్నీ వైరస్ ఖాతాలోనే రాస్తారు.

రెండో రోజు: డేటా బయటికి

అలవాటు ప్రకారం చేసే రెండు పనులు ఈ స్థితిలో చేయకూడదు. ఒకటి, విండోస్‌లో డిస్క్ తప్పులు దిద్దే చెక్‌డిస్క్‌ని 'ఆర్' స్విచ్‌తో నడపడం. రెండు, ఫుల్ మాల్‌వేర్ స్కాన్. రెండూ డిస్క్‌ని మూలమూలలా గంటల తరబడి చదివిస్తాయి. పోబోయే డిస్క్ ఆ పరుగులోనే పోవచ్చు. ముందు కాపీ, తర్వాతే వైద్యం.

కాపీని విండోస్ నుంచి చేయలేదు. లినక్స్ మింట్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాం. పాత విండోస్ నడవదు గనుక అందులో ఏ మాల్‌వేర్ ఉన్నా నిద్రలోనే ఉంటుంది, బయటి డిస్క్‌కి అంటుకునే అవకాశం ఉండదు. దీనికి ముందు ఒక చిన్న పని: విండోస్‌ని షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయాలి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఉన్నట్టు లెక్క, లినక్స్ ఆ పార్టిషన్‌ని రాయడానికి ఒప్పుకోదు. మేం ఎలాగూ చదవడానికి మాత్రమే మౌంట్ చేశాం.

గ్నూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ని 1 టీబీ బయటి డిస్క్ మీదికి ఇమేజ్‌గా తీశాం. మొదటి విడతలో చిన్న 'ఎన్' స్విచ్: కష్టమైన చోట్లని గీకకుండా దాటేసి, బాగున్నదంతా ముందు లాగేస్తుంది. రెండో విడతలో 'ఆర్3': మిగిలిన చోట్లని మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరచిపోకూడదు. కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. పోయింది కూడా, ఒకసారి. మొత్తం రెండు గంటల చిల్లర. చివరికి చదవలేకపోయింది 12 కేబీ: 512 బైట్ల సెక్టార్లు సరిగ్గా 24.

500 జీబీలో 12 కేబీ ఏ పాటిది అనిపిస్తుంది. అది ఎక్కడుందన్నదే ప్రశ్న. ఒరిజినల్ డిస్క్ నుంచి క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని ఫైలు ఫైలుగా కాపీ చేస్తుంటే ఒకే ఫైలు దగ్గర 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' వచ్చింది: హిస్టరీ. క్రోమ్ హిస్టరీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. అడ్రస్ బార్‌లో రెండక్షరాలు కొట్టగానే సూచనల కోసం క్రోమ్ దాన్ని తడుముతుంది. షాపులో 'టైపు చేస్తుంటేనే ఆగుతోంది' అని చెప్పినమాట అక్షరాలా నిజం. అదే ప్రయత్నం పేజ్ ఫైల్ మీద చేస్తే అక్కడా ఎర్రర్. ఎడ్జ్‌లోనూ గెస్ట్ మోడ్‌లోనూ బిగుసుకోవడానికి అది చాలు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో 11,000 పైచిలుకు ఫైళ్లు. సగం జనం ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు. దీని సంగతి మూడో రోజు బరువు పెంచింది.

మూడో రోజు: మాల్‌వేర్

కొత్త డిస్క్ మీద విండోస్ కొత్తగా ఎక్కించబోతున్నప్పుడు పాతదాన్ని స్కాన్ చేయడం దేనికి? మూడు కారణాలు. వచ్చింది ప్రకటనల మాల్‌వేరా, పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేదా తెలియాలి. దాన్ని తెచ్చిన ఫైలు డేటాతోపాటు కొత్త సిస్టంలోకి రాకూడదు. షాపులో ఇంకో రెండు సిస్టంలు, తిరిగే పెన్‌డ్రైవులు ఉన్నాయి.

నెట్ కేబుల్ పీకి పాత విండోస్‌ని లేపాం. డేటా భద్రంగా ఉంది గనుక ఇప్పుడు డిస్క్ పోయినా నష్టం లేదు.

క్రోమ్ మెనూ అడుగున 'మీ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఉంది. జిరాక్స్ షాపుకి సంస్థేమిటి? కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఈ మాట తెప్పిస్తాయి గనుక అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాషులు, పాలసీ అని కొట్టి చూడాలి. అక్కడ 'ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్' కింద 32 అక్షరాల ఐడీ ఒకటి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఐడీల్లో ఏ నుంచి పీ దాకా అక్షరాలే ఉంటాయి, అంకెలు ఉండవు. మొదటి రోజు కనిపించిన పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్‌దే ఆ ఐడీ. ఫోర్స్‌లిస్ట్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్ పేజీలో 'రిమూవ్' బటన్ పనిచేయదు.

రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దారిలో ఆ ఎంట్రీని తీసేస్తే పది నిమిషాల్లో తిరిగొచ్చింది. ఊహించిందే, గడియారం పెట్టుకుని కూర్చున్నాం. పది నిమిషాలకి ఒకసారి అంటే టాస్క్ షెడ్యూలర్ పనే. లైబ్రరీలో ఏదో అప్‌డేటర్ అన్న పేరుతో ఒక టాస్క్: ట్రిగ్గర్ ప్రతి పది నిమిషాలు, యాక్షన్‌లో పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్), విండో కనబడకుండా, ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్, తర్వాత ఎన్‌కోడ్ చేసిన పొడుగాటి వరస. నిజమైన అప్‌డేటర్ తన సొంత ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. దాక్కున్న పవర్‌షెల్‌ని పిలవదు. 2022లో బయటపడ్డ క్రోమ్‌లోడర్ అనే మాల్‌వేర్ నడిచింది ఈ షెడ్యూల్డ్ టాస్క్, పవర్‌షెల్ దారిలోనే. ఇది అదే అనడానికి ఆధారం లేదు, పద్ధతి మాత్రం అదే.

కాబట్టి తీసే వరస: ముందు టాస్క్, తర్వాత అది పిలిచే స్క్రిప్టు, తర్వాత పాలసీ, ఆఖర్న ఎక్స్‌టెన్షన్. తిరగేసి చేస్తే రోజంతా చేస్తూనే ఉండొచ్చు. టాస్క్‌ని తీసేముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచాం, ఇంకో రెండు సిస్టంల్లో వెతకడానికి.

ఇక విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్. షాపులో 'స్కాన్ చేశాం, ఏం లేదంది' అన్నారు. అబద్ధం కాదు. పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి గెట్-ఎంపీప్రిఫరెన్స్ అని కొడితే ఎక్స్‌క్లూజన్ పాత్ (స్కాన్ చేయకుండా వదిలేయమన్న చోటు) ఎదురుగా సీ డ్రైవ్ మొత్తం ఉంది. ఎక్స్‌క్లూజన్ ఎక్స్‌టెన్షన్ (వదిలేయమన్న ఫైళ్ల రకం) ఎదురుగా ఈఎక్స్‌ఈ, అంటే ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ. కాపలావాడికి కళ్లకు గంతలు కట్టి 'దొంగలెవరైనా వచ్చారా' అని అడిగినట్టు. డిఫెండర్ సెట్టింగుల్ని ఇతర ప్రోగ్రాములు మార్చకుండా కాపాడే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆఫ్. ఎవరి సిస్టంలోనైనా స్కాన్ ఫలితాన్ని నమ్మేముందు ఈ రెండు చూడాల్సిందే. మేం చూసే షాపు సిస్టంల్లో ఇది మొదట చూడాల్సిన చోటు; విండోస్ యాక్టివేషన్ ప్యాచులూ, డీటీపీ సాఫ్ట్‌వేర్ ప్యాచులూ వేసేటప్పుడు 'యాంటీవైరస్ ఆపండి' అనే సూచనని పాటించని షాపు అరుదు.

ఎక్స్‌క్లూజన్లు తీసి, ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి డెఫినిషన్లు అప్‌డేట్ చేసి మళ్లీ కేబుల్ పీకాం. ఫుల్ స్కాన్ ఈ డిస్క్ మీద 3 గంటల 50 నిమిషాలు పట్టింది. దొరికినవి: యాక్టివేషన్ ప్యాచ్, ఆ స్క్రిప్టు తాలూకు మిగులు, డౌన్‌లోడ్స్‌లో ఒక జిప్ నుంచి విప్పిన ఇన్‌స్టాలర్. తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇది సిస్టంని రీస్టార్ట్ చేసి విండోస్ లేవకముందే చూస్తుంది, పావుగంట పని. కొత్తగా ఏం రాలేదు. రెండో అభిప్రాయానికి మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్, ఆడ్వ్‌క్లీనర్. సేఫ్టీ స్కానర్‌ని దించిన పది రోజులకి అది పనిచేయడం మానేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఆర్నెల్లు తిప్పడానికి కాదు. క్రోమ్‌లో ఒకప్పుడు ఉన్న 'క్లీన్ అప్ కంప్యూటర్'ని వెతకొద్దు, 2023 మార్చిలో 111వ వెర్షన్‌తో తీసేశారు.

విండోస్‌తోపాటు లేచేవన్నీ చూపే ఆటోరన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచి, తయారీదారు డిజిటల్ సంతకాలు తనిఖీ చేయించి చూస్తే గులాబీ రంగువి ఐదు. గులాబీ అంటే సంతకం లేదనే; మాల్‌వేర్ అని కాదు. అందులో మూడు డీటీపీ కీబోర్డు తాలూకువి, ఒకటి ప్రింటర్‌ది, ఒకటి ఆ మాల్‌వేర్ మిగులు. నెట్ సెంటర్ సిస్టంలో ఇక్కడ ఒక జాగ్రత్త: వేలిముద్ర మిషన్‌ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ ఈ కంప్యూటర్‌లోనే 11100 నుంచి 11120 మధ్య పోర్టులో వింటూ ఉంటుంది. తెరిచి ఉన్న పోర్టులు చూపే నెట్‌స్టాట్‌లో అది చూసి బ్యాక్‌డోర్ అనుకుని చంపితే రేపు పొద్దున షాపు ముందు జనం నిలబడతారు.

ఒక ఫైలుని చాలా యాంటీవైరస్ ఇంజిన్లకి ఒకేసారి చూపించే వైరస్‌టోటల్ సైటులో అనుమానపు ఫైళ్ల హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే వెతికాం. అక్కడ అప్‌లోడ్ చేసిన ఫైలు దాని చందాదారులకి అందుబాటులోకి వెళుతుంది. కస్టమర్ల పీడీఎఫ్‌లు పొరపాటున కూడా ఎక్కించకూడదు. డెబ్బై దాకా ఇంజిన్లలో ఒకటో రెండో ఎర్రగా చూపిస్తే అదే తీర్పు కాదు. యాభై చూపిస్తే ఇక వాదన లేదు.

ఇది ఎలా వచ్చింది? జిప్ ఫైలున్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డీఐఆర్‌కి స్లాష్ ఆర్ చేర్చి కొడితే, దించిన ఫైలుకి తోకలా 'జోన్ ఐడెంటిఫైయర్' కనిపిస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ అడ్రస్ నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. తెలుగు ఫాంట్ల ప్యాచ్ పేరుతో ఒక ఫైల్ షేరింగ్ సైటు నుంచి వచ్చింది. జిప్‌కి పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ పక్కనే టెక్స్ట్ ఫైలులో ఉంది. దొంగసరుక్కి పాస్‌వర్డ్ పెట్టేది భద్రతకి కాదు, దారిలో ఏ స్కానరూ లోపలికి చూడకుండా. ఏ సైటు పేరు ఏ అడ్రస్‌కి పోవాలో రాసి ఉండే హోస్ట్స్ ఫైల్లో నలభై వరసలు కూడా దీని పుణ్యమే.

2024 నుంచి ఎక్కువగా తిరుగుతున్న ఇంకో దారి ఉంది: 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ విండోస్, ఆర్ నొక్కించి, కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టించడం. బాధితుడే తన చేత్తో కమాండ్ నడుపుతాడు. రన్ డబ్బాలో కొట్టినవి రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద ఎక్స్‌ప్లోరర్‌లో 'రన్ఎంఆర్‌యూ' అనే చోట మిగులుతాయి. అక్కడ చూశాం: క్యాలిక్యులేటర్, నోట్‌ప్యాడ్, ప్రింటర్ల కంట్రోల్ ప్యానెల్. పవర్‌షెల్ గానీ ఎంఎస్‌హెచ్‌టీఏ గానీ లేవు. ఈ దారిన రాలేదు.

నోటిఫికేషన్ డబ్బాలు వేరే సంగతి, వాటికి మాల్‌వేరే అక్కర్లేదు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లకి 'అలో' నొక్కిన సైట్లు 23 ఉన్నాయి. రిజల్ట్స్ వెతికే హడావుడిలో ఎవరో నొక్కినవి. అన్నీ తీసి, అసలు ఎవరూ అడగకుండా ఆపేశాం. 'ఐదు వైరస్‌లు' అంతటితో పోయాయి.

ప్రాక్సీ ఆఫ్‌లోనే ఉంది. రౌటర్‌లో డీఎన్‌ఎస్ సరిగ్గానే ఉంది. పాస్‌వర్డ్ మాత్రం అడ్మిన్, అడ్మిన్. మార్చాం.

పాస్‌వర్డ్‌లు పోయాయా అన్నదానికి 'పోలేదు' అని ఏ స్కానరూ చెప్పలేదు. ఆ స్క్రిప్టు తన పని చేసి తనని తాను చెరిపేసుకునే ఇంకో ఫైలుని నడిపి ఉండొచ్చు. పోయాయనుకునే నడవాలి. షాపు యజమాని ఫోన్ నుంచి, ఈ సిస్టం నుంచి కాకుండా, గూగుల్, బ్యాంకు, పోర్టల్ లాగిన్‌లు అన్నీ మార్పించాం. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయాలి. దొంగ ఎత్తుకుపోయేది చాలాసార్లు కుకీని. లాగిన్ అయిపోయిన సెషన్ అది, దానికి ఓటీపీ అడగరు. డబ్బు కదిలినట్టు కనిపిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయాలని నంబరు గోడమీద రాయించాం. ఖాతాల్లో ఏమీ కదల్లేదు.

మిగతా రెండు సిస్టంల్లో ఆ టాస్క్ లేదు. ఒకదాంట్లో ఎక్స్‌క్లూజన్ మాత్రం ఉంది, సీ డ్రైవే.

నాలుగు, ఐదు రోజులు: కొత్త డిస్క్, కొత్త విండోస్

256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి సెకండ్ హ్యాండ్ 4 జీబీ డీడీఆర్3 1600 స్టిక్కు. ర్యామ్ పెట్టగానే డిస్‌ప్లే లేదు, బీప్‌లు. తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, స్లాటులో బ్రష్ ఆడించి పెడితే వచ్చింది. మెమ్‌టెస్ట్86 ఒక పాస్ పూర్తిగా తిప్పాక గానీ విండోస్ జోలికి పోలేదు. సెకండ్ హ్యాండ్ ర్యామ్ చెడిపోయి ఉంటే అదీ బ్రౌజర్ క్రాష్‌గానే కనబడుతుంది, మళ్లీ మొదటికొస్తాం.

హెచ్81 బోర్డులో సాటా పోర్టులు రెండు రకాలు, 6 గిగాబిట్‌వి రెండు, 3 గిగాబిట్‌వి రెండు. ఎస్ఎస్‌డీ 6 దాంట్లో. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయాలి. ఉంచితే విండోస్ ఇన్‌స్టాలర్ బూట్ పార్టిషన్‌ని పాత డిస్క్ మీద పెట్టేయొచ్చు. తర్వాత పాతది తీసేసిన రోజు కొత్తది లేవదు.

క్లోన్ చేయకుండా కొత్తగా ఎక్కించడం ఎందుకంటే, డిఫెండర్‌కి గంతలు కట్టి ఉన్న కాలంలో ఏమేం జరిగిందో పూర్తిగా తేలదు. ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లైసెన్సుతో ఎక్కించి, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేర్పించాం, 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. లినక్స్ మాట వచ్చింది. షాపులో నడిచే డీటీపీ సాఫ్ట్‌వేర్, వేలిముద్ర మిషన్ డ్రైవర్ చూసుకుంటే ఈ కౌంటర్‌కి ఇప్పుడు కుదరదు. ఏడాదిలో మదర్‌బోర్డు మార్చక తప్పదని యజమానికి ముందే చెప్పాం.

తిరిగి తెచ్చినవి: ఫొటోలు, పీడీఎఫ్‌లు, డీటీపీ ఫైళ్లు, బుక్‌మార్క్‌లు. ఈఎక్స్‌ఈ, ఎంఎస్ఐ, జిప్ ఒక్కటి కూడా రాలేదు. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని అసలు ముట్టుకోలేదు. సింక్ ఆన్ చేసేముందు 'కస్టమైజ్ సింక్'లో ఎక్స్‌టెన్షన్లు ఆపాం. రోజువారీ పనికి స్టాండర్డ్ యూజర్, అడ్మిన్ పాస్‌వర్డ్ యజమాని దగ్గర. డిఫెండర్‌లో అనవసరపు యాప్‌లని ఆపే సెట్టింగ్ ఆన్. క్రోమ్‌లో మెమరీ సేవర్ ఆన్. ప్రకటనలకి యూబ్లాక్ ఆరిజిన్ లైట్. ఇంతే, ఇంకే ఎక్స్‌టెన్షనూ లేదు.

కస్టమర్ల స్కాన్లు ఏం చేయాలన్నది యజమాని తేల్చుకోవాల్సిన విషయం. పని అయినరోజు సాయంత్రమే తుడిచేయడానికి ఒప్పుకున్నారు. స్కాన్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టి, ఆ ఫోల్డర్ ఖాళీ అయ్యే ఏర్పాటు చేశాం.

ఎనిమిదో రోజు

పన్నెండు ట్యాబులు, డీటీపీ తెరిచి ఉండగా: మెమరీ 61 శాతం, డిస్క్ రెస్పాన్స్ 1 నుంచి 3 మిల్లీసెకన్లు. మూడు రోజుల్లో ఈవెంట్ 153 లేదు. 1002 ఒక్కటి.

ఆ ఒక్కటీ వదల్లేదు. ఫొటో అప్‌లోడ్ చేసే పేజీలో ఆ ట్యాబు మాత్రమే ఇరవై సెకన్లు ఆగింది. పక్క ట్యాబులు హాయిగా నడిచాయి. షిఫ్ట్ ఎస్కేప్‌లో సీపీయూ అంతా ఆ ట్యాబుదే, డిస్క్ ఖాళీ. ఇది పాత జబ్బు కాదు. స్కానర్ 600 డీపీఐ కలర్‌లో పెట్టి ఉంది, ఒక్కో జేపెగ్ 12 ఎంబీ. ఆ పేజీలోని స్క్రిప్టు దాన్ని బ్రౌజర్‌లోనే కుదించబోయి అలసిపోతోంది. స్కానర్‌ని 200 డీపీఐకి దించితే ఫైలు బాగా చిన్నదైంది, పేజీ ఆగలేదు.

పాత డిస్క్ మీద మొత్తం సున్నాలు రాశాం. ముందూ వెనకా స్మార్ట్ విలువలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూస్తే: సీ5 18 నుంచి 0కి వచ్చింది, 05 0 నుంచి 10కి పెరిగింది, రెండూ హెక్సాలోనే. అంటే 24 చోట్లలో 16 నిజంగా చెడినవి, వాటికి బదులు వేరే సెక్టార్లు వచ్చాయి. 8 తిరిగి రాయగానే బాగయ్యాయి. ఇప్పుడు సీ5 సున్నా గనుక 'డిస్క్ బాగైంది, సీసీ కెమెరా డీవీఆర్‌కి వేసుకుంటా' అన్నారు. వద్దన్నాం. 31,400 గంటలు తిరిగి ఒకసారి సెక్టార్లు రాల్చిన డిస్క్ అది. పైగా ఊరందరి ఆధార్ మోసింది. డ్రిల్ మిషన్‌తో ప్లాటర్ల మీదుగా రెండు చోట్ల రంధ్రాలు వేసి, పాత ఇనుము బుట్టలో వేశాం.